తండ్రి పేరు తెలియని వంగడం

పోయిన వారం పట్టకారమ్మను ల్యాబ్ గుమ్మంలో నిలబెట్టి మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉందేమోనని మీలో కొందరు బెంగ పెట్టుకున్నారని నాకు తెలుసు. లేదు లెండి, ఇంటికి వెళ్లింది. ఎలా వెళ్లిందో మాత్రం ఆమెకే గుర్తు లేదు.

కొత్తగా చదివేవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. సోయా పరిశోధన కేంద్రంలో కొత్త వంగడాలు తయారుచెయ్యడం పట్టకారమ్మ పని. మొగ్గలు విప్పే సన్న పట్టకారు ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది గనక కూలీలు ఆమెకు ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినిపించదు. ఎనిమిదేళ్లు విత్తి, ఏరి, మళ్లీ విత్తి, మళ్లీ ఏరి, చివరికి ఒక వంగడాన్ని నిలబెట్టింది. అది దిగుబడిలో పాత రకాలన్నిటినీ దాటింది. పోయిన సీజనులో తుప్పు తెగులు వచ్చి చుట్టూ ఉన్న మళ్లన్నీ మాడిపోతే ఇది మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడింది. ఇక విడుదల కమిటీ ముందు పెట్టడమే తరువాయి అనుకుంటుండగా, మామూలుగా చేయించే జన్యు పరీక్ష దగ్గర బండి ఆగిపోయింది.

"తల్లి మీరు చెప్పిందే మేడం. తండ్రి మాత్రం మీరు చెప్పింది కాదు. మన విత్తన గిడ్డంగిలో ఉన్న ఏ రకంతోనూ కలవడం లేదు. ఇదేదో పాత కొండ రకం" అంది ల్యాబ్ అమ్మాయి.

పాత కొండ రకం అన్న మాట చెవిన పడగానే పట్టకారమ్మ ల్యాబ్ గుమ్మంలోనే ఆగిపోయింది. అలాంటి గింజల కోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషి ఆమెకు తెలిసి లోకంలో ఒక్కడే ఉన్నాడు. కేంద్రంలో అందరూ కొండాయన అని పిలిచేవారు. ఆమె మొగుడు. ఎనిమిదేళ్ల కిందట పోట్లాడి, దూరంగా ఎక్కడో ఒక చిన్న విత్తన సేకరణ కేంద్రానికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయినవాడు.

ఇప్పుడు చిక్కు ఏమిటో చెబుతాను, జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఈ వారమంతా దీని మీదే నడుస్తుంది. తండ్రి ఎవరో తేలని వంగడాన్ని కమిటీ తీసుకోదు. గింజలన్నీ నూనె మిల్లుకు పోతాయి. తేలాలంటే, ఆ పుప్పొడి పెట్టిన మనిషి తండ్రి గింజలతో సహా వచ్చి, నేనే పెట్టానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వంగడం బతుకుతుంది. కానీ ఒకరి మడిలో వాళ్లకు తెలియకుండా ఇంకొకరు పుప్పొడి పెట్టడం ఈ వృత్తిలో దొంగతనంతో సమానం. ఆ మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఇక ఏ కేంద్రమూ గడప తొక్కనివ్వదు. అంటే, తన చేతులతో పెంచుకున్న వంగడం కావాలో, తనను వదిలి వెళ్లిన మనిషి బాగుండాలో పట్టకారమ్మ తేల్చుకోవాలి. ఆమెకు రెండూ కావాలి. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

కమిటీ కూర్చునేది ఈరోజే.

కొండాయనకు కబురు పెట్టింది ఆమె కాదు, అత్తగారు. అవును, ఆ కొడుకుని కన్న తల్లే, కోడలి దగ్గరే ఉంటోంది. కొడుకు పెట్టె సర్దుకుంటున్నప్పుడు "నువ్వూ రా అమ్మా" అని పిలిస్తే, "నాకు మోకాళ్ల నొప్పులు నాయనా, నీ కొండలు నేనెక్కలేను" అనేసి సోఫాలో చతికిలబడింది. అంతే, మళ్లీ ఆ ప్రస్తావన రాలేదు. కోడలు అడగలేదు, అత్తగారు చెప్పలేదు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకీ ఒక్క మనిషి మీదే బెంగ. ఒకరు పైకే తిట్టిపోస్తారు, ఒకరు నోరు విప్పరు.

ప్రతి ఆదివారం పొద్దున కొడుకు తల్లికి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ మోగగానే పట్టకారమ్మ వంటింట్లోకి వెళ్లి సామాన్లు కడగడం మొదలుపెడుతుంది. రెండో గిన్నె దగ్గరికి వచ్చేసరికి కుళాయి కట్టేస్తుంది. తడి గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడుతుంది. ముందు గదిలో ఫోన్లోంచి వచ్చే ఆ గొంతు, వానలు పడ్డాయనో, బస్సు ఆలస్యమైందనో, కొత్త దుప్పటి కొన్నాననో చెబుతూ ఉంటుంది. ఆ దుప్పటి ఏ రంగో ఆమెకు తెలుసుకోవాలని ఉంటుంది. అత్తగారు అడగదు. వారమంతా ఆ దుప్పటికి ఈవిడే రంగులు వేసుకుంటుంది.

పొద్దున్నే పట్టకారమ్మ అద్దం ముందు జడ విప్పి మళ్లీ అల్లుకుంటుంటే అత్తగారు మంచం మీంచే చూసింది.

"ఇది రెండోసారి" అంది.

"ఏది అత్తయ్యా?"

"జడ. పొలంలో మొగ్గలు విప్పేదానివి, పెళ్లికి పోతున్నట్టు ఆ తయారేంటి?"

"కమిటీ వాళ్లొస్తున్నారు కదా."

"ఆహా, కమిటీ." అత్తగారు దుప్పటి మడత పెడుతూ నవ్వు దాచుకుంది. "ఇంతకీ నాకు అర్థం కాక అడుగుతున్నా. ఆ మొక్కకి తల్లి ఎవరో తెలుసు. తండ్రి ఎవరో తెలీదు. పెంచింది నువ్వు. మరి వాడు మధ్యలో ఏమవుతాడు? తండ్రి తరఫు చుట్టమా?"

"అత్తయ్యా!"

"కోప్పడకే. ఒక్క మాట చెప్తా విను. వాడు నా కొడుకే, కాదన్లేను. కానీ వాడొచ్చి నించుంటే నువ్వు కరిగిపోకు. గట్టిగా అడుగు. ఎందుకు చేశావురా అని అడుగు. నేను అడిగితే నవ్వి ఊరుకున్నాడు వెధవ." ఆవిడ మడత పెట్టిన దుప్పటి మళ్లీ విప్పింది. "రాత్రి బస్సెక్కాడట. తిన్నాడో లేదో."

పట్టకారమ్మ జడ మూడోసారి విప్పింది. పొయ్యి మీద పాలు పొంగిపోయి వాసన వస్తుంటే అప్పుడు పరిగెత్తింది.

ఆమె క్రాసింగ్ మడికి, అంటే రెండు రకాల్ని కలిపే మడికి, వచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. సోయా మొగ్గతో పని పొద్దుటి పూటే చెయ్యాలి. సోయా పువ్వు మహా గుట్టు మనిషి, మొగ్గ విచ్చుకోకముందే లోపల్లోపలే తన పుప్పొడి తనే పెట్టేసుకుంటుంది. బయటి పుప్పొడి పెట్టాలంటే అంతకు ముందే దొరకబుచ్చుకోవాలి. రేకు కొస పచ్చటి తొడుగులోంచి అప్పుడే తొంగి చూస్తున్న మొగ్గను ఎంచి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తొడుగు చీల్చి, రేకుల్ని ఒక్క లాగుతో ఊడదీసి, చుట్టూ ఉన్న కేసరాలు తీసేసి, మధ్యలో మిగిలిన కొస మీద తండ్రి పువ్వు పుప్పొడి అద్ది, తల్లి పేరూ తండ్రి పేరూ రాసిన చీటీ కట్టాలి. మొగ్గ బియ్యపు గింజంత కూడా ఉండదు. చెయ్యి వణికితే అయిపోయింది.

ఇవాళ ఆమె చెయ్యి వణుకుతోంది. అప్పటికే చాలా మొగ్గలు పాడుచేసింది.

"మేడం, రావచ్చా?"

ఆ గొంతు ఫోన్లోంచి కాకుండా వెనకనించి వినపడేసరికి ఆమె చేతిలో మొగ్గ కింద పడింది. వెనక్కి తిరగకుండానే, "మడికి తలుపులుండవు. రండి సార్" అంది.

"థ్యాంక్స్ మేడం."

"ప్రయాణం బాగా జరిగిందా సార్?"

"జరిగింది మేడం."

"టిఫిన్ చేశారా సార్?"

"బస్టాండులో టీ తాగాను మేడం."

"ఇంకొక్కసారి మేడం అంటే ఈ పట్టకారుతో పొడిచేస్తాను" అని ఇటు తిరిగింది.

కొండాయన నవ్వుతున్నాడు. మనిషి చిక్కిపోయాడు. చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది. కళ్లజోడు వచ్చింది. ఆ కళ్లజోడు చూడగానే పట్టకారమ్మకు ఎక్కడలేని దుఃఖం పొంగుకొచ్చింది. అది ఎప్పుడు వచ్చింది? ఏ షాపులో కొన్నాడు? పెట్టుకుని అద్దంలో చూసుకుని, బాగుందా అని పక్కన ఎవరిని అడిగాడు? ఇన్నేళ్లూ తనకు తెలియకుండా ఈ మనిషికి చూపు మందగించింది, ఆ సంగతి తనకు ఎవరూ చెప్పలేదు.

"పెట్టుకుంటే బానే ఉంది" అంది, ఎవరూ అడక్కపోయినా.

"ఏది?"

"కళ్లజోడు."

అతను దాన్ని ఒకసారి ముక్కు మీద సర్దుకున్నాడు. తర్వాత వరసకు అవతలి వైపు గొంతుక్కూర్చున్నాడు. ఆమె డబ్బాలో రెండో పట్టకారు ఉంటుందని అతనికి తెలుసు. అడక్కుండానే తీసుకుని, ఒక కొమ్మ వంచి మొగ్గలు వెతకడం మొదలుపెట్టాడు. ఆ నడుం వంచడం, ఆ మెడ పక్కకు వాల్చడం, ఏమీ మారలేదు.

"అది ముదిరిపోయింది. వదిలెయ్యండి" అంది ఆమె.

"ముదరలేదు."

"లోపల పుప్పొడి రాలే ఉంటుంది. విప్పి చూడండి కావాలంటే."

విప్పి చూశాడు. రాలే ఉంది. "సరే, నువ్వే గెలిచావు" అన్నాడు.

వరసకు ఇటు ఆమె, అటు అతను, తెల్ల పువ్వుల మీద ఊదా పువ్వుల పుప్పొడి అద్దుకుంటూ పోయారు. పెళ్లైన కొత్తలో రోజూ ఇలాగే ఉండేది. తల్లి తెల్ల పువ్వు, తండ్రి ఊదా పువ్వు అయితే, పుట్టిన మొక్క ఊదా పువ్వు పూస్తేనే క్రాస్ కలిసినట్టు. తెల్లగా పూస్తే చేసిన శ్రమంతా వృథా. ఆ రోజుల్లో మొదటి పువ్వు ఏ రంగు విచ్చుకుంటుందోనని ఇద్దరూ పోటీపడి పొద్దున్నే మడికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. అత్తగారు అడగమన్న మాట అడగాలి. అడిగితే అతను లేచి వెళ్లిపోతాడేమోనని భయంగా ఉంది. ఈ వరస ఇలాగే ఎప్పటికీ సాగిపోతే బాగుండును.

వరస అయిపోయింది.

"ఎందుకు చేశారండీ?" అంది.

అతను పట్టకారు కొసను చొక్కా అంచుకు తుడుచుకున్నాడు. "అమ్మ అడగమందా?"

"అవును. నేనూ అడుగుతున్నా."

"మడి దున్నించిన మర్నాడు చేశాను."

ఆ మాట వింటూనే ఆమె తల దించుకుంది. ఆ సంగతి మనం ఇంతకుముందు చెప్పుకున్నాం గానీ, మరోసారి చెప్పక తప్పదు. కొండాయన ఊరూరా, గుట్టగుట్టా తిరిగి తెచ్చిన పాత రకాలన్నీ ఈ కేంద్రంలోనే ఒక మడిలో ఉండేవి. కాయ చిన్నది, దిగుబడి తక్కువ, చూడ్డానికి అంతా తుప్పలా ఉండేది. "మనం అమ్ముతున్న గొప్ప గొప్ప రకాలన్నీ ఒక్క తాత మనవలే. రేపు వాటిలో ఒకదానికి గిట్టని తెగులు వచ్చిందంటే అన్నీ కలిసి పోతాయి. కొత్త నెత్తురు కావాలి, అది ఈ తుప్పలోనే ఉంది" అని అతను నోరు నొప్పెట్టేలా చెప్పేవాడు. దిగుబడి పరీక్షలకు స్థలం చాలక, ఆ మడిని దున్నించమని చెప్పింది పట్టకారమ్మే. పరీక్ష మళ్ల బాధ్యత ఆమెది. ట్రాక్టరు వచ్చినప్పుడు అతను ఊళ్లో లేడు.

"దున్నించేసి, మర్నాడు నువ్వు డైరెక్టరుగారితో హెడ్డాఫీసుకి వెళ్లావు" అన్నాడు అతను. "నువ్వటు వెళ్లగానే తెల్లవారుజామున నేను తిరిగొచ్చి చూశా. ఏమీ లేదు. మట్టి. మన పెరట్లో బాత్రూం వెనక ఒక్క కుండీ మిగిలింది. అందులో మొక్క ఆ రోజే పూసింది. ఆ పువ్వులు కోసుకుని కూలీలు రాకముందే నీ మడికొచ్చా. నువ్వు పుప్పొడి కోసం గుర్తు పెట్టి, కూలీలకు అప్పజెప్పి వెళ్లిన వరసలే అవి. నీ చీటీలే కట్టాను. తండ్రి పేరు నువ్వు రాసి పెట్టుకున్నదే ఉంది, దాన్ని ముట్టుకోలేదు."

"నా కోసమా?"

అడిగేసింది. అడిగినందుకు సిగ్గుపడింది కూడా. కానీ అడక్కుండా ఎలా ఉంటుంది చెప్పండి? ల్యాబ్ గుమ్మం దగ్గర్నించి ఇప్పటిదాకా ఆమె ఊపిరి నిలబెట్టింది ఆ ఒక్క ఆశే. పోతూ పోతూ తనకేదో ఇచ్చి వెళ్లాడేమోనని, ఇన్నేళ్లూ తాను కడుపులో పెట్టుకుని పెంచింది అతను ఇచ్చిందేనేమోనని.

కొండాయన అబద్ధం ఆడి ఉంటే ఈ వారం కథ ఇక్కడితో సుఖంగా అయిపోయేది. అతనికి అది చేతకాదు.

"కాదు" అన్నాడు. "కోపంతో చేశాను. నా మడి నువ్వు దున్నేశావు, నీ మడిలో నా గింజ ఒక్కటైనా ఉండాలి, నీకు తెలీకుండా ఉండాలి అనుకున్నా. నీ వరస చెడిపోతే చెడిపోనీ అనుకున్నా. నిజం చెప్తున్నా, ఆ పూట చెడిపోవాలనే అనుకున్నా."

ఆమె ముఖం పాలిపోయింది. చేతిలో పట్టకారు డబ్బాలో పెట్టబోయి, రెండుసార్లు గురి తప్పి, చివరికి పెట్టింది. "అంతేనా?"

"అంతే. బస్సెక్కాను. రెండు ఊళ్లు దాటేసరికి కోపం దిగిపోయింది. దిగిపోయి వెనక్కి వచ్చేద్దామా అనుకున్నా. ఏ ముఖం పెట్టుకుని వస్తా? నువ్వు ఫోన్ చేస్తావని చూశా."

"మీరు చేస్తారని నేను చూశాను."

"చేశాను కదా. ప్రతి ఆదివారం."

"మీ అమ్మకి చేశారు."

"అమ్మకి చెవులు నిక్షేపంలా వినిపిస్తాయి. ఫోన్లో అంత గట్టిగా అరిచి ఎందుకు మాట్లాడతానో ఎప్పుడైనా ఆలోచించావా?"

పట్టకారమ్మ అతని వైపు చూస్తూ ఉండిపోయింది. వానలు, బస్సు, దుప్పటి. అవన్నీ తనకా? ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం తనతోనే మాట్లాడుతున్నాడా? కళ్లు తుడుచుకుందామంటే చేతులనిండా పుప్పొడి.

"దుప్పటి ఏ రంగు?" అంది.

"ఏ దుప్పటి?"

"పోయిన చలికాలం కొన్నారు. ఏ రంగు?"

అతను తెల్లబోయాడు. "గోధుమ రంగు... అంచు ఎర్రగా ఉంటుంది. ఎందుకు?"

"ఊరికే."

అతను గొంతు సవరించుకుని మళ్లీ అందుకున్నాడు. "ప్రతి ఏడూ పరీక్షల ఫలితాలు వస్తే ముందు నీ వంగడం ఎక్కడుందా అని వెతికేవాణ్ణి. మొదట్లో అడుగున ఉండేది. తర్వాత మధ్యకొచ్చింది. పోయిన సీజన్లో తుప్పు తెగులుకి అన్నీ పోయి ఇదొక్కటే నిలబడిందని చదివినప్పుడు, నేనక్కడ ఒక్కణ్ణే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఎవరితో చెప్పుకోను? నువ్వు సాధించావని చెప్పనా, నేను దొంగపని చేశానని చెప్పనా?"

ఎండ మెడ మీదికి వచ్చింది. ఆఫీసు వైపు కారు ఆగిన చప్పుడైంది. కమిటీ వాళ్లు వచ్చేశారు.

కొండాయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. చొక్కా జేబు తట్టి చూసుకున్నాడు. "తండ్రి గింజలు తెచ్చాను. ఆ కుండీ మొక్క నాతోపాటే వచ్చింది, దాని పిల్లల్ని ఏటా వేస్తూనే ఉన్నా. వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తా. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. నీ వంగడం ఆగకూడదు."

"తీసేస్తే మీ కొండ రకాల గతేంటి? ఎవరు చూస్తారు వాటిని?"

"నువ్వున్నావుగా. ఈసారి దున్నించవులే." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "వెళ్లేముందు ఒక్కటి చెప్పు. నిజం చెప్పు. ఆ రోజు నువ్వు ఊళ్లోనే ఉండి, నేను వచ్చి, నీ వరసల్లో నా పుప్పొడి పెట్టనిస్తావా అని మర్యాదగా అడిగుంటే, ఒప్పుకునేదానివా?"

ఆమెకు అవునని చెప్పాలని ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఈ మనిషి ముఖం ఎలా వెలిగిపోతుందో ఆమెకు తెలుసు. కానీ అప్పటి తనెవరో కూడా ఆమెకు బాగా తెలుసు. దిగుబడి తప్ప ఇంకో మాట చెవిన పడనివ్వని పిల్ల.

"లేదు. ఒప్పుకునేదాన్ని కాదు" అంది.

అతను తలాడించాడు. "అందుకే అడగలేదు."

ఇద్దరూ గట్టు మీంచి ఆఫీసు వైపు నడిచారు. ముందు ఆమె, వెనక అతను. పక్కపక్కన నడిచేంత వెడల్పు గట్టుకు లేదు. ఇంటికి రండి అని అడగాలని ఆమెకు అడుగడుగునా అనిపించింది. ఉద్యోగం పోగొట్టబోతూ ఇంటికి రమ్మని ఏ ముఖంతో పిలుస్తుంది? దున్నించింది తను. అతను కోపంలో చేసింది ఒక్క పూట తప్పు. ఆ తప్పు పూసి, కాసి, ఇవాళ తన పేరు మీద విడుదల కాబోతోంది. దానికి శిక్ష అతనికా?

వరండా బెంచీ మీద అత్తగారు ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుని ఉంది. క్వార్టర్స్ నించి ఇక్కడిదాకా ఆ మోకాళ్లతో ఎలా నడిచి వచ్చిందో మరి. కొడుకుని చూడగానే తిడదామని నోరు తెరిచింది. తిట్టు రాలేదు.

"ఎండిపోయావేంట్రా ఇలా" అని అతని చెయ్యి పట్టేసుకుంది. పట్టుకున్నది వదల్లేదు. "కూర్చో. ముందు ఈ పాలు తాగు. ఆ లోపలున్నవాళ్లు ఎక్కడికీ పారిపోరు."

"అమ్మా, నన్ను పిలుస్తారు."

"పిలిస్తే పిలవనీ. తాగు."

అతను తల్లి పక్కన కూర్చున్నాడు. పట్టకారమ్మ ఒక్క క్షణం ఆ ఇద్దర్నీ చూసింది. తర్వాత గబగబా చేతులు చీర కొంగుకు తుడుచుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది.

గదిలో పొడవాటి బల్ల. బల్లకు అవతల పెద్దాయన, అంటే కేంద్రం డైరెక్టరు. ఆయనకు అటూ ఇటూ హెడ్డాఫీసు నించి వచ్చిన ఇద్దరు. బల్ల మీద పళ్లెంలో ఆమె వంగడం గింజలు పోసి ఉన్నాయి, నిండుగా, ఒక్కటి కూడా ముడతపడకుండా. హెడ్డాఫీసు మనుషుల్లో ఒకాయన వాటిని వేలితో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"రామ్మా, కూర్చో" అన్నాడు పెద్దాయన. "సూటిగా అడుగుతా. తండ్రి ఎవరో తేలిందా?"

"తేలింది సార్. మా ఆయన సేకరించిన పాత కొండ రకం. గింజలు కూడా తెచ్చారు. బయటే ఉన్నారు."

"మీ ఆయనా?" పెద్దాయన కళ్లు చిట్లించాడు. ఆ పోట్లాటలన్నీ ఆయనకు తెలియనివి కావు. "మరి నీ మడిలో ఆ పుప్పొడి పెట్టిందెవరు?"

"ఆయనే సార్."

హెడ్డాఫీసు మనిషి గింజలు దొర్లించడం ఆపేశాడు. "మీకు తెలియకుండానా?" అని అడిగాడు.

కొండాయన బతుకంతా ఆ ప్రశ్నలో ఉంది. పట్టకారమ్మ పేరూ అందులోనే ఉంది. అవును అంటే అది నిజం. ఆమె జీవితంలో ఎప్పుడూ తప్పు చీటీ కట్టని మనిషి. ఆమె చేతి చీటీ అంటే కేంద్రంలో ఇక దాని మీద మాట లేదు. అంత పేరున్న మనిషి బల్ల మీద పళ్లెం వైపు ఒకసారి చూసి, తల ఎత్తింది.

"తెలిసే సార్" అంది. "నేను చెయ్యమంటేనే చేశారు."

"నువ్వు చెయ్యమన్నావా?"

"అవును సార్. నేను మీతో హెడ్డాఫీసుకి వెళ్లాల్సి వచ్చింది కదా. నా వరసల్లో మీ పుప్పొడి పెట్టండి అని చెప్పి వెళ్లాను. చీటీల మీద తండ్రి పేరు మార్చాల్సింది నేను. మర్చిపోయాను. తప్పు నాది."

"నువ్వు? చీటీ మర్చిపోయావా?" పెద్దాయన నమ్మలేనట్టు చూశాడు.

"మర్చిపోయాను సార్."

ఆ మాటలు అంటున్నప్పుడు ఆమె గొంతు వణకలేదు. పొద్దున మొగ్గలు విప్పుతుంటే వణికిన చేతులు కూడా ఇప్పుడు కుదురుగా ఒళ్లో ఉన్నాయి. నోటితో చెబుతున్నది అబద్ధమని ఆమెకు తెలుసు. అయినా చెబుతుంటే కళ్ల ముందు ఒక పొద్దు కనపడింది. అందులో ట్రాక్టరు రాలేదు, ఎవరూ పెట్టె సర్దుకోలేదు, పెరటి గుమ్మంలో నిలబడి తానే నవ్వుతూ ఆ మాట అంటోంది. అలా జరిగి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

వెనక చప్పుడైంది. తలుపు తెరిచే ఉంది. చేతిలో ఖాళీ గ్లాసుతో కొండాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో అతని ముఖం చూస్తేనే తెలిసిపోతోంది. మొత్తం విన్నాడు.

"సమయానికే వచ్చావయ్యా" అన్నాడు పెద్దాయన. "మీ ఆవిడ ఏదో చెబుతోంది. తను చెయ్యమంటేనే నువ్వు చేశావట. నిజమేనా?"

పట్టకారమ్మ వెనక్కి తిరిగి చూసే ధైర్యం చెయ్యలేకపోయింది. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. ఇందాక మడిలో, తన ముఖం పాలిపోతుందని తెలిసి కూడా, కోపంతో చేశానని చెప్పినవాడు. ఇప్పుడు కాదు అంటాడు. అలా అంటే వంగడం ఉంటుంది, అతను మళ్లీ బస్సెక్కుతాడు, ఈసారి ఆదివారం ఫోను కూడా ఉండదు. దేవుడా, ఒక్కసారి, ఈ ఒక్కసారికి అబద్ధమాడించు అనుకుంది.

వరండాలో అత్తగారు బెంచీ మీంచి లేస్తున్న చప్పుడు వినపడింది.

"నిజమే సార్" అన్నాడు కొండాయన.

పట్టకారమ్మ కళ్లు మూసుకుంది.

"కానీ మీకు సగమే చెప్పింది" అన్నాడతను, గ్లాసు బల్ల మీద పెట్టి, ఆమె కుర్చీ పక్కకు వచ్చి నిలబడుతూ. "ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పింది. అదీ రాసుకోండి."

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. అసలు చెప్పిన మాటే లేదు, ఇంకో మాట ఎక్కడిది?

పెద్దాయన కలం మూత తీశాడు. "ఏం చెప్పిందయ్యా?"

అది వచ్చే వారం.